చెయిన్‌సా క్రాంకు బేరింగు పోతే: బేరింగులే మార్చాలా, క్రాంకు మార్చాలా, మిషనే మార్చాలా?

ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో సాయంత్రం గాలివాన కొట్టిందంటే మర్నాడు పొద్దునకల్లా ఏదో ఒక వీధిలో గుల్‌మొహర్ కొమ్మ అడ్డంగా పడి ఉంటుంది. అప్పటిదాకా స్టోర్‌రూముల్లో మూలన పడి ఉన్న చెయిన్‌సాలన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. హిందూపురం, మదనపల్లె, చింతామణి వైపు పొలాలున్న మనవాళ్లు శని, ఆదివారాల్లో నీలగిరి చెట్లు కొయ్యడానికి డిక్కీలో వేసుకుని వెళ్తారు. నెలల తరబడి ఊరికే ఉండి, తర్వాత ఒకే రోజు రెండు మూడు ట్యాంకులు నడిచే మిషన్లు ఇవి. పిస్టన్ ఆటను తిరుగుడుగా మార్చే షాఫ్టే క్రాంకు. దాన్ని రెండు వైపులా మోసే బేరింగులకు ఇంతకంటే గడ్డు వాడకం లేదు.

బేరింగు అరుస్తోందని షాపుకు తీసుకెళ్తే ఒకాయన రెండు బేరింగులు వేస్తే చాలంటాడు. ఇంకొకాయన క్రాంకు మొత్తం పోయిందంటాడు. మూడో ఆయన దీన్ని పాత ఇనుముకు వేసి కొత్తది కొనుక్కోమంటాడు. మిషన్ విప్పకముందు ఈ మూడు మాటలకూ విలువ లేదు. బేరింగు ఖరీదు కొన్ని వందల రూపాయలే. ఎంపికను తేల్చేవి వేరే రెండు ఉన్నాయి: పాడైన బేరింగు తనతోపాటు ఇంకేం పాడుచేసింది, ఆ మిషన్ కేసు, అంటే క్రాంకు తిరిగే పెట్టె, ఏ పద్ధతిలో కట్టింది. కాబట్టి ఈ రెండూ తెలిసేదాకా ఏ స్పేరూ ఆర్డర్ పెట్టకండి.

ముందు, అది బేరింగేనా?

గరగర శబ్దం రాగానే అందరి అనుమానమూ క్రాంకు మీదికే పోతుంది. చాలాసార్లు దొంగ వేరే చోట ఉంటాడు. క్లచ్ డ్రమ్ము లోపల సూదుల్లాంటి రోలర్లున్న చిన్న నీడిల్ బేరింగు ఒకటి ఉంటుంది. మిషన్ స్లోలో ఉన్నప్పుడు డ్రమ్ము ఆగి ఉంటుంది, క్రాంకు మాత్రం దాని లోపల తిరుగుతూ ఉంటుంది. ఈ నీడిల్ బేరింగు ఎండిపోతే స్లోలో అరుస్తుంది. రేజ్ చేసి క్లచ్ పట్టుకోగానే డ్రమ్ము, క్రాంకు కలిసి తిరుగుతాయి కాబట్టి ఆ అరుపు ఆగిపోతుంది. మెయిన్ బేరింగు, అంటే క్రాంకు బేరింగు, అలా కాదు, స్పీడు పెరిగేకొద్దీ దాని శబ్దమూ పెరుగుతుంది. స్లోలోనే వచ్చి రేజ్‌లో పోయే అరుపైతే ఒక చుక్క గ్రీజుతోనో, ఒక చిన్న నీడిల్ బేరింగుతోనో పని అయిపోయినట్టే. సైలెన్సర్ బోల్టులు లూజైనా, క్లచ్ స్ప్రింగు తెగినా, స్టార్టర్ పాల్స్ (తాడు లాగినప్పుడు ఇంజనును పట్టుకునే కొక్కేలు) మాగ్నెట్‌కు తగులుతున్నా ఇంజను పోయినట్టే వినిపిస్తుంది. ముందు వాటి సంగతి చూడండి.

అసలు పరీక్ష చేత్తో చేసేదే. ప్లగ్గు తీసేయండి, చెయిన్, బార్ తీసేయండి, స్టార్టర్ కవరు విప్పండి. మాగ్నెట్‌ను, అంటే ఫ్లైవీల్‌ను, నెమ్మదిగా తిప్పండి. ప్రతి చుట్టుకూ ఒకచోట ఏదో పట్టి లాగినట్టు ఉంటే కంగారు పడొద్దు. ఫ్లైవీల్‌లోని అయస్కాంతం, ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ దగ్గరికి వచ్చినప్పుడు అలాగే ఉంటుంది. ఆ అనుమానం కూడా ఎందుకనుకుంటే కాయిల్ విప్పి పక్కన పెట్టి మళ్లీ తిప్పండి. ఇప్పుడు కూడా వేళ్లకు ఇసుక నలిగినట్టు తెలిస్తే బేరింగు గోళీల మీదో, అవి తిరిగే గాడిలోనో గుంటలు పడ్డాయి.

తర్వాత ఫ్లైవీల్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ కదపండి. ఈ దిశలో చేతికి తెలిసేంత లూజు ఉంటే ఇక వాదన లేదు, బేరింగు పోయింది. లోపలికీ బయటికీ కాస్త కదలడం మాత్రం వేరే సంగతి, కొన్ని మోడళ్లలో అది మామూలే. కాయిల్ కాళ్ల మీద మెరిసే గీతలు ఉన్నాయేమో కూడా చూడండి. ఫ్లైవీల్‌కూ కాయిల్‌కూ మధ్య సందు చాలా మిషన్లలో 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. షాఫ్టు ఊగితే మొట్టమొదట రాసుకునేది అక్కడే. ఆ గీతలు కనబడితే ఎవరు ఏమన్నా నేను బేరింగు వైపే మొగ్గుతాను.

కొన్ని మిషన్లు శబ్దం చెయ్యవు. స్లో స్పీడు దానంతట అదే పెరిగిపోతుంది, కార్బొరేటర్ స్క్రూ ఎంత తిప్పినా నిలకడగా ఉండదు, యాక్సిలరేటర్ వదిలాక స్పీడు దిగడానికి టైమ్ తీసుకుంటుంది. ఇది షాఫ్టు చుట్టూ ఉండే ఆయిల్ సీలు దగ్గర గాలి లాగుతున్న లక్షణం. గాలి ఎక్కువైతే పెట్రోలూ, దానితోపాటు వచ్చే ఆయిలూ తగ్గుతాయి. వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ఇన్‌టేక్, సైలెన్సర్ దారులు మూసేసి, ప్లగ్గు బిగించి, కేసులోకి 0.5 బార్ గాలి పంపి సీళ్ల చుట్టూ సబ్బు నీళ్లు పూస్తే బుడగలు చెప్పేస్తాయి. సీలు లీకై, బేరింగు బిగుతుగా ఉంటే సీలు ఒక్కటే మార్చుకోండి. బేరింగులో లూజు పెట్టుకుని కొత్త సీలు వేయించడం మాత్రం దండగ. ఊగే షాఫ్టు ఆ కొత్త సీలు పెదవిని కూడా కొన్నాళ్లకే కొరికేస్తుంది.

నష్టం ఎంత దూరం పాకింది?

ఈ బేరింగుల్లో గోళీలను దూరదూరంగా పట్టి ఉంచే కేజ్ ఒకటి ఉంటుంది. కొన్నింట్లో అది ఇనుప రేకు, కొన్నింట్లో నైలాన్ రకం ప్లాస్టిక్. బేరింగు పోయిందంటే ఆ కేజ్ ముక్కలు ఎటు పోయాయన్నదే మొదట అడగాల్సిన ప్రశ్న. టూ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు కేసు నుంచి సిలిండర్‌లోకి నేరుగా దారులు ఉంటాయి. కింద రాలిన ముక్క పెట్రోలు ఆవిరితోపాటు పైకి కొట్టుకుపోతుంది. సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి టార్చ్ వేసి చూడండి. పిస్టన్ పక్క నున్నగా, సన్నటి మిషనింగ్ గీతలతో ఉంటే మీ అదృష్టం. నిలువుగా లోతైన గీతలు పడి ఉంటే బ్లాక్ (సిలిండర్), పిస్టన్ ఖర్చును కూడా లెక్కలో వేసుకోండి.

పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు సంగతి చూడటం చాలామంది మర్చిపోతారు. పిస్టన్‌ను మధ్యలో ఉంచి ఫ్లైవీల్‌ను గట్టిగా పట్టుకుని, ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెక్క పుల్లతో పిస్టన్‌ను కిందికి నొక్కి వదలండి. టక్కుమని చిన్న కదలిక తెలిస్తే బిగ్ ఎండ్, అంటే ఆ కింది బేరింగు, అరిగింది. విప్పాక చూస్తే రాడ్ పక్కలకు కాస్త జరుగుతూ కనిపిస్తుంది. దానికి ఆ సందు ఉండాల్సిందే, అది చూసి క్రాంకు పోయిందనేవాళ్ల మాట నమ్మొద్దు. నిలువునా ఉండే లూజే ప్రమాదం.

మూడోది, అన్నిటికన్నా ఖరీదైనది, కేసులో బేరింగు కూర్చునే గది. పట్టేసిన బేరింగు బయటి రింగు ఒక్కోసారి కేసులోనే తిరగడం మొదలుపెడుతుంది. విప్పాక ఆ గది గోడ అద్దంలా మెరుస్తున్నా, నల్లటి పొడి పట్టి ఉన్నా, కొత్త బేరింగు చల్లగా ఉన్న కేసులోకి వేలితో నొక్కితే దిగిపోతున్నా, ఆ గది పెద్దదైపోయినట్టు. అలాగే లోపలి రింగు షాఫ్టు మీద తిరిగి ఉంటే అక్కడ షాఫ్టు నీలం రంగుకు తిరిగి, అరిగి కనిపిస్తుంది.

బేరింగులూ సీళ్లూ మాత్రమే మార్చడం

షాఫ్టు బాగుంది, కేసు గది బిగుతుగా ఉంది, బిగ్ ఎండ్‌లో లూజు లేదు, పిస్టన్ శుభ్రంగా ఉంది. ఈ నాలుగూ ఉంటే ఇదే సరైన దారి. ఖర్చు ఎక్కువగా కూలీకే. ఒకటే పోయినా రెండు వైపులా బేరింగులూ, రెండు సీళ్లూ, ప్యాకింగులూ మార్చేయాలి. రెండోదాని కోసం మళ్లీ ఇంజను దింపే పరిస్థితి తెచ్చుకోవద్దు.

కేసు కట్టిన తీరు లెక్కకొచ్చేది ఇక్కడే. ఇంట్లో వాడే చవక, మధ్యరకం మిషన్లలో చాలావాటికి కింద ఒక పళ్లెం లాంటి సగం కేసు ఉంటుంది. నాలుగు బోల్టులు విప్పితే పిస్టన్‌తో సహా క్రాంకు చేతికొస్తుంది. బేరింగులు షాఫ్టు మీది నుంచి పుల్లర్‌తో లాగేయొచ్చు. పెట్రోలుకు కరగని లిక్విడ్ గాస్కెట్ పల్చగా రాసి మళ్లీ బిగించాలి. ఓపిక, శుభ్రం ఉన్న మనిషి ఇంట్లో కూడా చేసుకోగలడు.

పని వాళ్లు వాడే ఖరీదైన మిషన్లలో కేసు నిలువునా రెండు చెక్కలుగా విడిపోతుంది. అది చాలావాటిలో మెగ్నీషియం. బేరింగులు కేసులో బిగుతుగా కూర్చుని ఉంటాయి. వాటిని తీయాలన్నా వేయాలన్నా కేసును హాట్ ఎయిర్ గన్‌తోనో, ఓవెన్‌లోనో 150 డిగ్రీల దాకా వేడి చేయాలి, క్రాంకును రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టాలి. అప్పుడు సుత్తి అవసరం లేకుండా కూర్చుంటుంది. గ్యాస్ మంట మాత్రం పెట్టనివ్వకండి. మెగ్నీషియం పొడికి నిప్పంటుకుంటే ఆర్పడం మన వల్ల కాదు.

క్రాంకు చివర సుత్తితో కొట్టి బయటికి తీసే మెకానిక్‌ను చూస్తే మిషన్ వెనక్కి తీసుకుని వచ్చేయండి. చాలా చెయిన్‌సాల్లో క్రాంకు ఒకే ముక్క కాదు, ముక్కలను ప్రెస్‌లో బిగించి చేసింది. ఒక్క గట్టి దెబ్బకు అది కంటికి తెలియనంత వంకర తిరుగుతుంది. నిమిషానికి 12,000 చుట్లకు పైగా తిరిగే షాఫ్టుకు ఆ వంకర చాలు, కొత్త బేరింగులు కూడా పాతవాటి దారే పడతాయి.

క్రాంకు సెట్ మార్చడం

బిగ్ ఎండ్‌లో లూజు వచ్చినా, షాఫ్టు అరిగినా దీనికే రావాలి. బెంగళూరులో యమహా ఆర్‌ఎక్స్ 100 బండ్ల పిచ్చి ఇంకా తగ్గలేదు కాబట్టి క్రాంకు విప్పి రాడ్ కిట్ వేసి, మళ్లీ ప్రెస్ చేసి, డయల్ గేజ్ పెట్టి వంకర సరిచేసే నిపుణులు ఇక్కడ ఉన్నారు. వాళ్ల దగ్గరికి చెయిన్‌సా క్రాంకు పట్టుకెళ్లాలని మీకూ అనిపిస్తుంది. పనితనంలో వంక లేదు, కానీ చెయిన్‌సాలకు రాడ్ కిట్ విడిగా దొరకడమే అరుదు. కంపెనీలు రాడ్‌తో సహా క్రాంకు మొత్తం ఒకే పార్టుగా అమ్ముతాయి. కాబట్టి సెట్ కొనడమే దారి.

కంపెనీ సెట్ ధర అడిగాక గుండె జారడం సహజం. అందుకే ఒక లెక్క పెట్టుకోవాలి. క్రాంకు, బేరింగులు, సీళ్లు, ప్యాకింగులు, కూలీ అన్నీ కలిపి అదే తరగతి కొత్త మిషన్ ధరలో సగం దాటితే నేనైతే ఆగిపోతాను. సగంలోపే ఉండి, మిషన్ మంచి కంపెనీదై, మిగతా ఒళ్లు బాగుంటే చేయిస్తాను. ఆన్‌లైన్‌లో దొరికే చవక 58 సీసీ రకాలకు క్రాంకు సెట్లు కూడా చవకే. లెక్క చూస్తే లాభంగా కనిపిస్తుంది. అయితే వాటిలో బ్లాక్, కార్బొరేటర్, క్లచ్ కూడా అదే వయసులో, అదే నాణ్యతలో ఉంటాయి. సొంతంగా విప్పి నేర్చుకోవాలన్న సరదా ఉంటే చేయండి. కూలీ ఇచ్చి చేయించడం మాత్రం దండగే.

కేసు గది పోతే

ఇక్కడ మూడు మాటలు వినిపిస్తాయి. ఒకటి, గది గోడ మీద సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి బిగుతు తెప్పిస్తామనడం. ఆ చుక్కల కొనలు కొద్ది గంటల్లోనే అరిగిపోతాయి, ఒప్పుకోకండి. రెండు, బేరింగును పట్టించే ఆకుపచ్చ లాక్‌టైట్ రకం జిగురు. లూజు చాలా కొద్దిగా ఉండి, గది గుండ్రంగానే ఉండి, నూనె జిడ్డు పూర్తిగా తుడిచి, ఆరడానికి తగినంత టైమ్ ఇస్తే ఇది నిజంగానే పనిచేస్తుంది. మళ్లీ విప్పాలంటే మాత్రం బాగా వేడి చేయాల్సి వస్తుంది. మూడు, పీణ్యాలో లేత్ షాపుకు ఇచ్చి గది బోర్ చేయించి స్లీవ్ వేయించడం. అక్కడ ఆ పని చేయగలవాళ్లకు కొదవ లేదు, కానీ చెయిన్‌సా కేసు గోడ చాలా పల్చన. రెండు వైపుల గదులూ ఒకే గీతలో రాకపోతే పని మొత్తం వృథా. ఖరీదైన పెద్ద మిషన్ అయితే, కొత్త కేసు దొరకకపోతే తప్ప ఆ దారి పట్టకండి. చిన్న మిషన్‌లో గది పోయిందంటే దాన్ని స్పేర్ల కోసం అట్టిపెట్టుకుని కొత్తది కొనుక్కోవడమే. దాని క్లచ్, కాయిల్, కార్బొరేటర్ అదే మోడల్ ఉన్నవాళ్లకు పనికొస్తాయి.

బేరింగు ఎక్కడ కొనాలి, ఏది కొనాలి

పాత బేరింగు మీది నంబరు ఫోటో తీసుకుని జేసీ రోడ్డు, ఎస్పీ రోడ్డు వైపు వెళ్తే పని అవుతుంది. చాలా మిషన్లలో 6202 ఉంటుంది. లోపలి వ్యాసం 15, బయటిది 35, మందం 11 మిల్లీమీటర్లు. చిన్నవాటిలో 6201, పెద్దవాటిలో 6203 కనబడొచ్చు. నంబరు చెప్పి ఊరుకుంటే షాపులో ఫ్యాను మోటరుకు వేసే బేరింగు చేతిలో పెడతారు. నంబరుతోపాటు మూడు సంగతులు గట్టిగా అడగాలి.

సి3 ఉండాలి. పాతదాని మీద సి4 ఉంటే అదే కావాలి. అది గోళీలకూ రింగులకూ మధ్య వదిలే సందు గుర్తు. కేసు బిగుతుకూ, వేడికీ ఆ సందు తగ్గిపోతుంది. మామూలు బేరింగైతే వేడెక్కగానే బిగుసుకుపోతుంది. రెండోది, రెండు పక్కలా తెరిచి ఉన్నదే కావాలి. రబ్బరు మూతలు, రేకు మూతలు ఉన్నవి పనికిరావు. ఎందుకంటే ఈ బేరింగుకు దక్కే నూనె పెట్రోలులో కలిపి పోసేదే, మూత ఉంటే అది లోపలికి చేరదు. మూడోది కేజ్. మామూలు నైలాన్ కేజ్‌లు 120 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. మిషన్‌లో కంపెనీ వేసినది ప్రత్యేకమైన ప్లాస్టిక్ కేజ్ అయితే కంపెనీ పార్టే తీసుకోండి, బయట కొనేటప్పుడు మాత్రం నేను ఇనుప కేజే అడుగుతాను.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని మోడళ్లలో బేరింగు చూడటానికి 6202లాగే ఉన్నా మందం తేడాగానో, రింగు మీద గాడితోనో, సీలుతో కలిపో వస్తుంది. కాలిపర్‌తో మూడు కొలతలూ సరిచూడకుండా డబ్బులు ఇవ్వొద్దు. తేడా ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్లో పార్టు నంబరుతో తెప్పించుకోవాలి, ధర ఎక్కువైనా తప్పదు. ఎస్‌కేఎఫ్, ఎఫ్‌ఏజీ, ఎన్‌బీసీ ఏదైనా మంచిదే. అసలు సమస్య డూప్లికేట్లు. డబ్బా మీద అక్షరాలు చూసి మోసపోవద్దు, ధర మరీ తక్కువ చెబితే బిల్లు ఇస్తారా అని అడగండి. ఆ ప్రశ్నకే సగం సంగతి తేలిపోతుంది.

ఎవరి చేత చేయించాలి

నిలువు కేసున్న ఖరీదైన మిషన్ అయితే సర్వీస్ సెంటరే. కేసు విడదీసే టూలు, గాలి పరీక్ష పరికరం వాళ్ల దగ్గర ఉంటాయి. అక్కడి ఇబ్బంది ఆలస్యం, పైగా చాలాచోట్ల బేరింగు ఒక్కటే మార్చమంటే ఒప్పుకోరు, పెద్ద ఎస్టిమేటే ఇస్తారు. పళ్లెం రకం కేసైతే మంచి టూ స్ట్రోక్ బండి మెకానిక్ చాలు. ఆయనకు చెప్పాల్సినది ఒక్కటే: చెయిన్‌సా క్లచ్ మర చాలావాటిలో ఎడమ మర, బిగించే వైపు తిప్పితేనే విడుతుంది. ఇది తెలియక బలం పెట్టి షాఫ్టు చివర విరగ్గొట్టేవాళ్లు ఉన్నారు. పిస్టన్‌ను ఆపడానికి ప్లగ్గు రంధ్రంలోంచి ఇనుప ముక్క కాకుండా మెత్తటి తాడు దూర్చమనండి.

పోవడానికి కారణం వదిలేస్తే

కొత్త బేరింగులు వేసినా పాత అలవాటు మారకపోతే ఖర్చు మళ్లీ తప్పదు. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు ఆయిల్ అంటే 50:1. మీ మిషన్ పుస్తకంలో 25:1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. సీసా మూతతో అందాజాగా పోసే పద్ధతి మానేయండి, కొలత గ్లాసు వాడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోలులోని ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే ఆ తేమ బేరింగు గోళీల మీద తుప్పు చుక్కలుగా మారుతుంది. వాడకం అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, స్లోలో దానంతట అదే ఆగిపోయేదాకా నడిపి పెట్టండి. చెయిన్ మరీ బిగించి నడిపితే క్లచ్ వైపు బేరింగు మీద భారం పడుతుంది. మొద్దుబారిన చెయిన్‌తో బలంగా అదిమి కోసినా అంతే. చిరిగిన ఎయిర్ ఫిల్టర్‌తో ఒక్క రోజు నడిపినా రంపపు పొట్టు లోపలికి పోతుంది. ఫ్లైవీల్ రెక్క ఒకటి విరిగి ఉంటే అది ఊపే ఊపుకు బేరింగులు తట్టుకోలేవు, దాన్ని కూడా అప్పుడే మార్చేయండి.

పని అయ్యాక మిషన్ తెచ్చుకునేటప్పుడు గాలి పరీక్ష చేశారా అని అడగండి, కుదిరితే మీ ఎదుటే చేయించండి. కార్బొరేటర్ మళ్లీ సెట్ చేయించాలి, ఎందుకంటే లీకు ఉన్నప్పుడు తిప్పిన స్క్రూలు ఇప్పుడు సరిపోవు. మొదటి ట్యాంకు లావు దుంగల మీద పెట్టకుండా చిన్న కొమ్మలతో నడపండి. పాత బేరింగులు, సీళ్లు కవర్లో వేసి ఇమ్మనండి. వాటిని కడిగి తిప్పి చూస్తే గుంటలు పడ్డాయా, తుప్పు పట్టిందా, వేడికి నీలం రంగు తిరిగిందా తెలుస్తుంది. గుంటలుంటే పొట్టు, తుప్పుంటే నిల్వ పెట్రోలు, నీలం ఉంటే ఆయిల్ తక్కువ కావడమో గాలి లీకో, ముందు వాటిని అనుమానించండి.